మీరు కొట్టేసిన వాక్యం

మేడమ్ గారికి నమస్కారాలు.

శుక్రవారం ఆయుధ నియంత్రణ కమిటీకి నేను చూపించాల్సిన స్లైడుల్లో చివరి వాక్యాన్ని మీరు కొట్టేశారు. ఎదురుగా నిలబడి అడిగే ధైర్యం చాలక రాస్తున్నాను.

భూమి ప్రకంపనల రికార్డును వేగం పెంచి వింటుంటే, నిద్రపోతున్న మనిషి ఊపిరి విన్నట్టుంటుంది. కళ్ళు మూసుకుంటే ల్యాబ్ గోడలు కరిగిపోయి, ఎప్పుడూ చూడని కొండల అడుగున మెల్లగా నడుస్తున్నట్టనిపిస్తుంది. ఆ ఊపిరి మధ్యలో ఒక చిన్న అదురు. అది క్వారీలో రాళ్ళ కోసం పేల్చిందో, బాంబు పరీక్షో ఇంత దూరం నుంచి మన పరికరాలు తేల్చలేవు. అందుకే "అక్కడికి వెళ్ళి చూసే హక్కు బాంబు పరీక్షల నిషేధ ఒప్పందంలో ఉండాలి" అని రాశాను.

"మన పని ప్రకంపనల గీతలు చూపించడమే తల్లీ, సలహాలు మనకెందుకు?" అన్నారు మీరు. కానీ ఆ హక్కు ఖర్చు దండగని కమిటీ తీసేయబోతోంది. నా గీతలు మాత్రమే చూస్తే యంత్రాలు చాలనుకుంటారు.

మా ఇంట్లో బడి మొహం చూసింది నేనొక్కదాన్నే. నిన్న ఆ స్లైడులు ఇంట్లో చదివి వినిపిస్తే నాన్న నవ్వారు. "ఇంత చదివి, తెలీదని చెప్పడానికా వెళ్తున్నావ్?"

"తెలీదని గట్టిగా చెప్పడానికే ఇంత చదవాల్సొచ్చింది నాన్నా" అన్నాను.

ఆ వాక్యం ఉంచమని వేడుకుంటున్నాను. పన్నెండో తేదీ, బుధవారం సాయంత్రంలోగా జవాబివ్వండి. వద్దంటే స్లైడులు మీరే చూపించండి, నేను వెనక వరసలో కూర్చుంటాను.

మీ విద్యార్థిని