వాల్తెరి కుడి భుజం

మే నెల, ఆదివారం

ప్రియమైన అమ్మకు,

యర్నో రాయునది. నేనిక్కడ ఒంటివరకు క్షేమం. అక్కడ కూహ్మోలో నువ్వూ, నీ మోకాలూ, ఆ దొంగపిల్లీ క్షేమమని తలుస్తాను. నీ పార్సిల్ అందింది. మేజోళ్ళు సరిగ్గా పట్టాయి. రై రొట్టె మాత్రం ఆ సాయంత్రానికే అయిపోయింది. అందులో నా పాపమేమీ లేదు, మా గోల్‌కీపర్ వాసన పట్టి వచ్చాడు.

నువ్వడిగినవాటికి జవాబు రాస్తాను. ముందు పన్ను సంగతి. కట్టించుకున్నాను, ఇప్పుడు నవ్వితే పిల్లలు దడుసుకోవడం లేదు. వచ్చే ఏడాదికి ఏ జట్టువాళ్ళైనా పిలిచారా అన్నావు. ఐస్ హాకీలో ముప్పయ్యారేళ్ళ డిఫెన్స్ ఆటగాణ్ణి ఎవరూ ఎగబడి పిలవరమ్మా. గోల్ కొట్టేవాడికి ముసలితనంలోనూ పేరుంటుంది. మాది గోల్ పడకుండా చూసే పని. పడకపోతే ఎవరికీ గుర్తుండదు, పడితే ఊరంతటికీ గుర్తుంటుంది. ఇన్నేళ్ళూ ఆ రబ్బరు బిళ్ళకు ఒళ్ళు అడ్డం పెట్టి బతికాను. పేపరువాళ్ళు గోడ అని పేరు పెడితే మురిసిపోయాను.

జుహన్నుస్ నడివేసవి పండుగ మంట దగ్గరికి మేం గెలిచిన కప్పు ఎప్పుడు తెస్తానని మన ఐస్ హాల్ వాళ్ళు ప్రాణం తీస్తున్నారని రాశావు. పక్కింటి హిల్క్కా అందులో సాల్మన్ చారు పోసుకుని తాగుతానని పందెం కాసిందట. ఆవిడ అన్నంత పనీ చేస్తుంది. అమ్మా, నేను కప్పు తేను. గెలిచినవాళ్ళం తలా ఒకరోజు సొంతూరికి తీసుకెళ్ళవచ్చు కదా, నా రోజును ఇంకొకడికి ఇచ్చేశాను. ఎందుకో రాయడానికే కూర్చున్నాను. చెయ్యి మాత్రం పన్ను దగ్గరా రొట్టె దగ్గరా తిరుగుతోంది.

ఉత్తరం అడుగున, చోటు చాలక ఇరికించి రాశావు చూడు, అది అసలు ప్రశ్న. "మీ తమ్ముడు నా ఫోన్ తీయడం లేదు. భుజానికి ఆపరేషన్ అయ్యిందని కూడా టీవీలో విని తెలుసుకున్నాను. మేజోళ్ళు పంపితే తిరిగొచ్చాయి. నేనేం తప్పు చేశానురా? నీకేమైనా తెలుసా?"

తెలుసమ్మా. నీ ఎదుట చెప్పడానికి మొహం చెల్లక రాస్తున్నాను.

ఆఖరి మ్యాచ్‌లో నేను వాల్తెరిని కొట్టిన దెబ్బ నువ్వు చూశావు. అన్నదమ్ములు చెరో జట్టులో ఉంటే ఇంతే, ఆటలో దెబ్బలు మామూలేనని నువ్వే నన్ను ఓదార్చావు. రిఫరీ ఈల వేయలేదు, నిజమే. ఆటలో తప్పు లేదు. తప్పంతా అంతకు ముందూ, ఆ తర్వాతా ఉంది.

ఫైనల్ పోటీల ముందు నీకు ఫోన్ చేశాను, గుర్తుందా? నువ్వు ఉల్లిపాయలు తరుగుతున్నావు.

"మీ తమ్ముడి కుడి భుజం పట్టేసిందిరా. సూదిమందు మీద ఆడుతున్నాడు. అటుపక్క తిరిగి పడుకోలేడు కూడా. నీకు కాబట్టి చెప్తున్నా, ఎక్కడా అనకు" అన్నావు.

"నేనెందుకంటానే?" అన్నాను.

పెద్ద పోటీలప్పుడు దెబ్బ ఎక్కడుందో మేమెవరమూ బయటపెట్టం. పేపరువాళ్ళు గుచ్చి గుచ్చి అడిగితే నడుం పైన అనో, నడుం కింద అనో ఊరుకుంటాం. అలాంటి మాట నువ్వు నాకు చెప్పావు, వాడికి అన్నను కదా అని.

ఆఖరి మ్యాచ్ ముందురోజు సౌనా ఆవిరిగదిలో నేనూ, మా కోచ్ కారీ మిగిలాం. ఆయన కాలిన రాళ్ళమీద నీళ్ళు చల్లి, "మీ తమ్ముణ్ణి ఆపే మొనగాడే లేడయ్యా మన దగ్గర. నువ్వు ఒక్క కప్పూ లేకుండానే ఇంటికి పోతావు కాబోలు" అన్నాడు. ఆ మాట నాకు ఎక్కడో గుచ్చుకుంది.

"కుడి భుజం" అన్నాను.

ఆయన నీళ్ళ గరిటె పక్కన పెట్టి, "అయితే ఆ పక్క నువ్వే చూసుకో" అన్నాడు.

సౌనాలో అన్న మాట సౌనా గడప దాటకూడదని నాన్న చిన్నప్పుడే నేర్పాడు. నా మాట మర్నాటికి మంచుమీదికి వచ్చింది. మూలన బిళ్ళ కోసం వెళ్ళిన వాల్తెరి, వస్తున్నది నేనని చూశాడు. చూసి కూడా ఒళ్ళు బిగించుకోలేదు. అన్నే కదా అనుకున్నాడేమో. నా బరువంతా ఆ భుజంమీద వేసి గోడకు అదిమాను. వాడు అరవలేదు. చేతిలోంచి కర్ర జారిపోయింది.

ఇంతవరకే అయితే తలవంచుకునైనా నీ ముందుకు వచ్చేవాణ్ణి.

మ్యాచ్ అయ్యాక రెండు జట్లూ వరసకట్టి చేతులు కలిపాం. వాడు ఎడమ చెయ్యి ఇచ్చాడు. కుడిది లేవలేదు.

"మా డాక్టరుకీ అమ్మకీ తప్ప తెలీదన్నయ్యా. అమ్మ నీకు చెప్పిందా?"

"నాకెందుకు చెప్తుంది!" అన్నాను. "అమ్మ సంగతి తెలీదూ? నోట్లో నువ్వుగింజ నానదు. హిల్క్కాతో అనుంటుంది. వాళ్ళల్లుడు మా జట్టు హాల్లోనేగా పనిచేసేది!"

"అమ్మా?" అన్నాడు వాడు. వెనకవాడు తోస్తుంటే ముందుకు జరిగిపోయాడు.

నోరు జారి అన్నది కాదమ్మా. చేతులకింకా చెమట ఆరలేదు, అంతలోనే ఆలోచించి, హిల్క్కా అల్లుణ్ణి కూడా వెతికి తెచ్చి మరీ అన్నాను. నాకు తల కొట్టేసినట్టుంది. వాణ్ణి నొప్పి ఉన్నచోటే కొట్టాను, ఆ పాపం నీమీద రుద్దాను. నువ్వేమో ఇన్నాళ్ళూ నీలోనే తప్పు వెతుక్కుంటున్నావు. నువ్వు నన్ను నమ్మావు, అంతకుమించి నువ్వు చేసిందేమీ లేదు.

నీ ఉత్తరం చదివాక నిన్న వాడింటికి వెళ్ళాను. భుజానికి కట్టుతో వచ్చి తలుపు తీశాడు. గుమ్మంలోనే అంతా చెప్పేశాను. తిడతాడనుకున్నాను, కొట్టినా పడదామనుకున్నాను.

"మేజోళ్ళు తిప్పి పంపేశాను. అమ్మ అల్లినవి! చీటీ అయినా రాయకుండా!" అని గోడకు ఆనుకుని ఏడ్చాడు. కాసేపటికి, "నువ్వెళ్ళు" అన్నాడు. వచ్చేశాను.

వాడు నీకు ఫోన్ చేస్తాడు. సిగ్గుపడి ఒకట్రెండు రోజులు ఆగుతాడేమోగానీ చేస్తాడు. ఉల్లిపాయలు తరుగుతున్నా సరే, కత్తి పక్కన పెట్టి వెంటనే తియ్యి. ఆ మేజోళ్ళు మళ్ళీ పంపు.

నేను చేసినప్పుడు తీయాలనిపించకపోతే తీయకు. మోగనివ్వు. మోగినంతసేపూ నేనిక్కడ పట్టుకునే ఉంటాను.

ఇట్లు,
నువ్వు నమ్మిన పెద్దకొడుకు,
యర్నో