తిథి దొరకని తాత

కాడుగోడి,
బెంగుళూరు.

అక్కకు రమణ దండాలు.

నువ్వూ బావా పిల్లలూ కులాసాగా ఉన్నారనుకుంటాను. అమ్మ మోకాళ్ళ నొప్పి ఎలా ఉంది? నేను బాగానే ఉన్నాను, నా గురించి దిగులు పెట్టుకోవద్దు. ఫోను చేతిలో పెట్టుకుని వీడికి ఉత్తరమేమిటని బావ నవ్వుతాడని తెలుసు. నవ్వనీ. అమ్మకు సరిగా వినబడదని నువ్వు ఫోనెత్తగానే స్పీకర్ పెడతావు, ఈ సంగతి ఆమె చెవిన ఇప్పుడే పడకూడదు. అందుకని రాస్తున్నాను. నువ్వొక్కదానివే చదువుకో.

ఇక్కడ వారమంతా తుంపర. ఉతికిన బట్టలు ఆరవు. నేను పనిచేసే హూడి అపార్ట్‌మెంటులో నీళ్ళ మోటారు మొరాయించినా నన్నే పిలుస్తారు, లిఫ్టు ఆగినా నన్నే పిలుస్తారు, ఎవరింట్లోనో కాలింగ్ బెల్ మోగకపోయినా నన్నే. గది పక్కన హోటల్లో సంగటి దొరుకుతుంది గానీ సాంబారులో బెల్లం వేస్తారు. నువ్వు రోట్లో నూరే ఊరుబిండి గుర్తొచ్చి ముద్ద దిగదు. గదిలో ఉండే అతను పెళ్ళి చేసుకుని వెళ్ళిపోయాక మాట్లాడే మనిషి కూడా లేడు. అయినా వేళకు తింటున్నాను, ఆ విషయం అమ్మకు చెప్పు.

ఇక తాత సంగతి. ఉగాదికి వచ్చినప్పుడు అమ్మ నన్ను వసారాలో కూర్చోబెట్టుకుని అడిగింది నీకు గుర్తుండే ఉంటుంది. "మా నాయన బెంగుళూరు నుంచే కదప్పా బర్మా యుద్ధానికి పోయింది. నువ్వు ఆడే ఉండావు. యాడ పోయినాడో, ఏ తిథిన పోయినాడో ఇచారించు. నేను పోయేలోపల ఒక్కసారన్నా ఆయప్పకు కూడు పెడతా" అంది. కడుపులో ఉండగా వెళ్ళిపోయిన తండ్రి కోసం ఎనభై దాటిన మనిషి అలా అడిగితే కాదని ఎలా అంటాను?

అవ్వ ఉన్నన్నాళ్ళూ ఆ మాటే ఎత్తనివ్వలేదు. తాత పోయాడని కబురు రాలేదు కాబట్టి బొట్టు తీయలేదు, గాజులు తీయలేదు. "బతికుండే మనిషికి పిండం పెడతారా" అని తిట్టేది. చివరికి పసుపు కుంకుమలతోనే సాగనంపాము. ఆ తర్వాత అయ్యవారు, తిథి తెలియనివాళ్ళకు పెద్దల అమావాస్య నాడు పెట్టవచ్చని చెబితే అమ్మ ఒప్పుకుందా? "అది దిక్కులేనోళ్ళకు. మా నాయనకు నేనుండాను" అని లేచి వెళ్ళిపోయింది.

మా గేటు దగ్గర సెక్యూరిటీగా ఉండే తిమ్మప్ప సైన్యంలో పనిచేసి రిటైరైన మనిషి. సెలవు రోజున నా వెంట వచ్చి రికార్డులుండే ఆఫీసుకు తీసుకెళ్ళాడు. అక్కడి గుమస్తా మంచివాడు, కూర్చోబెట్టి మాట్లాడాడు. తాత సైన్యం నంబరు అడిగాడు, లేదన్నాను. పేరు నరసింహులు, కదిరి పక్క అన్నాను. కదిరి పక్క ఇంటికొక నరసింహులు ఉంటాడు కదా, అతనికీ తెలుసు. తాత తండ్రి పేరైనా చెప్పమన్నాడు. ఆ రోజే నీకు ఫోను చేసింది. అమ్మ ఏమందో నువ్వూ విన్నావు. "మా యమ్మ ఆయప్ప పేరే ఎన్నడూ పలకలా. మావ పేరు పలుకుతాదా? నరసింహులని ఊర్లోవాళ్ళు అంటా ఉంటే ఇన్న్యా. నిజమేనా అని మా యమ్మనడిగితే తల వంచుకునేది." అమ్మ పెరిగింది అవ్వ పుట్టింట్లో. తాత వైపు అడుగుదామంటే ఇప్పుడు ఒక్కరూ లేరు.

మొన్న మళ్ళీ వెళ్ళాను. మన పక్క నుంచి వెళ్ళి తిరిగిరాని నరసింహులు పేరున్నవాళ్ళు ఇద్దరు కనబడ్డారట. ఒకడు బర్మాలో ఏరు దాటుతూ కొట్టుకుపోయాడు. ఇంకొకడు జ్వరంతో ఆసుపత్రిలో పోయాడు. ఇద్దరికీ పెళ్ళయినట్టు ఎక్కడా రాసి లేదు. తండ్రి పేరు లేకుండా వీళ్ళలో ఒకడో, అసలు ఇద్దరూ కాదో చెప్పలేమన్నాడు. ఇంతకు మించి తన చేతిలో ఏమీ లేదని టీ తెప్పించి పంపాడు.

బస్సులో తిమ్మప్ప అన్నాడు కదా, "ఏందో ఒక తిథి చెప్పేయప్పా. ముసలామె కడుపునిండా ఏడ్చుకుని కూడు పెట్టుకుంటాది. దేవుడేమీ అనుకోడులే." నీ దగ్గర దాచడమెందుకు, గది చేరేలోపు నేను తిథి కూడా ఎంచుకున్నాను. ఆ జ్వరం వచ్చినతనిది. కానీ అమ్మ ఊరుకుంటుందా? ఆ రోజు నుంచి అవ్వ ఎన్నేళ్ళు బొట్టుతో తిరిగిందో లెక్కపెడుతుంది. ఊళ్ళో ప్రతి పెళ్ళికీ ముందు పిలిపించుకుని పసుపు దంచిన అవ్వ, అప్పటికే ముండమోసిందని కూతురికి నేను చెప్పినట్టవుతుంది. పోయిన అవ్వ బొట్టు నా చేత్తో తుడిచినట్టు అనిపించింది. నావల్ల కాలేదక్కా.

అందుకని నువ్వే చెప్పాలి. దొరకలేదని, ఇక దొరకడని. పెద్దల అమావాస్యకు సెలవు పెట్టి వస్తాను. ఒప్పుకుంటే ఆ రోజే అందరితో పాటు ఆయనకూ ఒక విస్తరి వేద్దాం. ఒప్పుకోదనే నాకు అనిపిస్తోంది. ఒప్పుకున్నా, అయ్యవారు పేరు అడిగినప్పుడు నరసింహులని ఖాయంగా చెప్పగలమో లేదో నాకు తెలియదు.

ఇటువైపు ఎవరైనా వస్తుంటే నా పాత దుప్పటి పంపు, ఇక్కడ చలి మొదలైంది. బావను అడిగానని చెప్పు. పిల్లలకు ముద్దులు. వీధిలో పెద్దవాళ్ళందరికీ నా నమస్కారాలు. అమ్మ కాళ్ళకు నా బదులు నువ్వు మొక్కు.

తండ్రి బతికి ఉంటాడన్న ఆశ అమ్మకు ఎప్పుడో పోయింది. ఎప్పుడు పోయాడో తెలుస్తుందన్న ఆశ ఒక్కటే మిగిలింది. దాన్ని కూడా తీసెయ్యమని నీకు చెబుతున్నాను. నన్ను తిట్టుకోవద్దు.

నీ తమ్ముడు,
రమణ