డెబ్బైమూడు మాటలు

కొత్తపేట,
ఆదివారం మధ్యాహ్నం.

ప్రియమైన అక్కకు నాగవేణి దండాలు పెట్టి రాసేది.

నేనిక్కడ ఒంట్లో బాగానే ఉన్నాను, దిగులు పడొద్దు. అమ్మ మోకాళ్ళ నొప్పి ఎలా ఉంది? బావకు దగ్గు తగ్గిందా? పాప ఏడవకుండా బడికి పోతోందా? అందరూ బాగున్నారని నువ్వు ఫోన్లో చెబుతూనే ఉంటావు. అయినా అడగకుండా ఉత్తరం మొదలుపెట్టడం నాకు చేతకాదు.

ఫోనుండగా కాగితమెందుకంటావేమో. ఈ ఇంట్లో ఫోన్లో ఏదీ చెప్పలేను. ఎస్తేరుకు చూపు లేదుగానీ, నేను పెరట్లో నిలబడి గొంతు తగ్గించి మాట్లాడినా ముందుగదిలోంచి వింటుంది. రాస్తే చప్పుడుండదు. ఇది చదివాక అమ్మకు మాత్రం చెప్పకు.

ఎస్తేరు అంటే నేను పుస్తకాలు చదివి వినిపిస్తున్న అమ్మాయి. ఇరవై నాలుగేళ్ళు. మూడేళ్ళ కిందట మెదడుకు వాపు వచ్చి చూపు పోయింది. తండ్రి లేరు. తల్లి కరుణమ్మగారు హైస్కూల్లో సోషల్ టీచరు. ఇద్దరూ నన్ను బాగా చూసుకుంటున్నారు, ఆ విషయంలో నిశ్చింతగా ఉండు. వానలకు బట్టలు మూడు రోజులకుగానీ ఆరడం లేదు. పులుసులో బెల్లం వేస్తారు, ఇంకా నోటికి అలవాటు కాలేదు. చేపల కూర వండిన రోజున ఎస్తేరే వేళ్ళతో తడిమి ముళ్ళు తీసి నా కంచంలో వేసేది. మన కదిరిలో చేపలు తిన్నదెప్పుడు, నాకు ముళ్ళు తీయడం ఎక్కడొస్తుంది? వీలైతే చెనిక్కాయల పొడి ఒక డబ్బా పంపు.

ఇక అసలు సంగతి. ఎస్తేరు పైదేశంలో చదవాలని జీఆర్ఈ రాస్తోంది. ఆ పరీక్షలో ఇంగ్లీషు మాటలు చాలా రావాలి. వాక్యంలో ఒక ఖాళీ ఉంటుంది, కింద ఆరు మాటలిస్తారు. ఆ ఖాళీలో పెడితే ఒకే అర్థం వచ్చే రెండు మాటలు ఏరాలి. కళ్ళున్నవాళ్ళే తికమకపడతారు. నేను వాక్యం చదువుతూ ఖాళీ వచ్చిన చోట బల్ల మీద వేలితో ఒకసారి కొడతాను, తర్వాత ఆరు మాటలూ చెబుతాను. ఎస్తేరు ఆరింటినీ తలలో పెట్టుకుని, కాసేపు పెదవులు కదిపి, "రెండోది, అయిదోది" అంటుంది. కంప్యూటరు కూడా చదివి వినిపిస్తుందట. ఆ గొంతు వింటే నిద్రొస్తుందని నన్ను పెట్టుకున్నారు. కానీ పరీక్ష రోజున చదివేది నేను కాదు, వాళ్ళు ఏర్పాటు చేసే కొత్త మనిషి.

ఆ కొత్తదనం అలవాటు కావాలని రెండు వారాల కిందటి ఆదివారం మాటల లిస్టులు పంపే ట్యూషన్ మేష్టారు రాజమండ్రి నుంచి వచ్చి తనే పేపరు చదివారు. నన్ను అరుగు మీద కూర్చోమన్నారు. కిటికీలోంచి అంతా వినబడుతోంది.

"ఇంకోసారి చెప్పండి సార్. ఆ మాట నేనెప్పుడూ వినలేదండి" అంది ఎస్తేరు.

"వినకపోవడమేంటమ్మా? క్యాజమ్. మొదటి లిస్టులోదే కదా!"

"లేదండి. నిజంగా వినలేదండి."

అక్కా, అది అగాధం అనే అర్థమున్న మాట. సి, హెచ్‌లతో మొదలవుతుంది. మూడు నెలలుగా నేను దాన్ని 'ఛాజమ్' అని చదివి వినిపించాను. ఆ తర్వాత మేష్టారు 'ఫసాడ్' అన్నారు. నేను నేర్పింది 'ఫకేడ్'. ఆయన 'హైపర్బలీ' అన్నారు. నేను నేర్పింది 'హైపర్బోల్'. లోపల ఎస్తేరు ఒక్కో మాటకూ "తెలీదండి, తెలీదండి" అంటుంటే అరుగు మీద నేను ఒక్కొక్కటే వేళ్ళు మడిచి లెక్కపెట్టాను. నేను ఎం.ఏ. ఇంగ్లీషు చదివానన్న మాటేగానీ, ఆ మాటలన్నీ పుస్తకంలో కళ్ళతో చూసినవే తప్ప చెవితో విన్నది ఒక్కటీ లేదు. అర్థాలు తెలుసు, స్పెల్లింగులు తెలుసు. నోటితో ఎలా పలకాలో మనకు చెప్పినవాళ్ళెవరు?

మార్కులు బాగా పడిపోయాయి. మేష్టారు వెళ్ళిపోయాక ఎస్తేరు తల్లిని పిలిచింది.

"అమ్మా, కళ్ళతో ఆగలేదేమోనే. బుర్ర కూడా పోతోందేమో. మూడు నెల్ల నుంచి బట్టీపట్టిన మాటలు ఒక్కటీ గుర్తు రాట్లేదు."

"నోర్ముయ్యి. అలాంటి మాటలు అనకు" అన్నారు కరుణమ్మగారు. వంటింట్లోకి పోయి కుళాయి తిప్పి, నీళ్ళు పోతుంటే అలాగే నిలబడిపోయారు. కాసేపటికి కాకినాడ ఆసుపత్రికి ఫోన్ చేశారు. బుధవారం స్కానింగుకి రమ్మన్నారట.

నేను అప్పుడే చెప్పి ఉండాలి. నోరు రాలేదు. చెబితే ఉద్యోగం పోతుంది, మళ్ళీ మన ఊరొచ్చి ఏ ముఖం పెట్టుకుని నిలబడాలి? మూడు నెలలు జీతం తీసుకుని పిల్లను పాడుచేశావంటే ఏం చెప్పాలి? ఇంతకీ ఆమెకు నిజంగానే జబ్బు తిరగబెట్టిందేమో, కారణం నేను కాదేమో అని కూడా అనుకున్నాను. అవునక్కా, అలా జరిగితే బాగుండునని ఒక్క క్షణం అనుకున్నాను. అది నీకు తప్ప ఎవరికీ చెప్పను.

మంగళవారం మధ్యాహ్నం నోట్సు పట్టుకుని కాలవ గట్టు మీదికి పోయాను. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, మొదటి పేజీ నుంచి ప్రతి మాటా ఫోన్లో పలికించి విన్నాను. డెబ్బైమూడు మాటలు తప్పు.

బుధవారం పొద్దున కారు వచ్చింది. ఎస్తేరు తల్లి భుజం పట్టుకుని మెట్లు దిగుతూ, "వేణక్కా, స్కానింగులో ఏమైనా తేలితే పరీక్ష మానేద్దాం. నువ్వు మాత్రం బాధపడకు" అంది. ఇక ఉండబట్టలేకపోయాను.

"ఎస్తేరూ, నీ బుర్రకేం కాలేదు. తప్పు నాది. మాటలు నేనే తప్పు చదివాను."

"ఏ మాటలు?"

"డెబ్బైమూడు. ఛాజమ్ కాదు, దాన్ని క్యాజమ్ అనాలి."

ఆమె కదలకుండా నిలబడింది. "అగాధం" అంది మెల్లగా. "మరి ఫసాడ్?"

"నేను ఫకేడ్ అన్నది."

"పైకి కనబడే ముఖం." ఇంకో రెండు మాటలు అడిగింది, రెండింటికీ అర్థం చెప్పింది. ఆ మీదట అక్కడే మెట్టు మీద కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది.

కరుణమ్మగారు నన్నే చూస్తున్నారు. "నీకెప్పుడు తెలిసింది?"

"ఆదివారమేనండి."

"ఆదివారం నుంచి నా కూతురు సరిగ్గా అన్నం ముట్టలేదమ్మాయ్. నువ్వు పక్కన కూర్చుని తిన్నావు."

డ్రైవరు "వెళ్దామాండీ, ఉంటారా?" అనడిగాడు. "ఆయ్, వెళ్దాం. కళ్ళు పోయినప్పుడు కూడా మొదట్లో ఏమీ లేదనే అనుకున్నాం" అని ఆవిడ ఎస్తేరును లేపి కారెక్కించారు.

ఆ రోజంతా ఒక్కదాన్నే ఇంట్లో ఉన్నాను. బట్టలు సంచిలో సర్దుకున్నాను. స్కానింగులో ఏదైనా ఉందంటే ఎలా, ఏమీ లేదంటే ఎలా, రెండింటికీ ఒకేలా భయపడ్డాను. చీకటి పడేముందు వచ్చారు. కొత్తగా ఏమీ లేదన్నారట. కరుణమ్మగారు నా సంచి చూశారు.

"ఎక్కడికి? ముందు ఆ డెబ్బైమూడూ సరిచెయ్యి. పొమ్మనాలో ఉండమనాలో పరీక్షయ్యేక చూద్దాం."

అప్పట్నుంచి ప్రతి మాటా ఫోన్లో వినిపించి, స్పెల్లింగు చెప్పి, అప్పుడు అర్థం చెబుతున్నాను. కరుణమ్మగారు రోజుకొకరిని పిలుచుకొస్తున్నారు. ఒకరోజు పాస్టరుగారు వచ్చి పేపరు చదివారు, ఒకరోజు మందుల షాపాయన, నిన్న ఎదురింటి లెక్చరరుగారు. ఒక్కొక్కరిది ఒక్కో పలుకు. అర్థం కాకపోతే "స్పెల్లింగు చెప్పండి" అని ఎస్తేరు అడుగుతుంది. స్పెల్లింగు వింటే చాలావరకు పట్టేస్తోంది. నాతో మాత్రం పనికి కావలసినంతే మాట్లాడుతోంది. అక్కా అనడం మానేసి 'మేడమ్‌గారూ' అంటోంది. అడిగే హక్కు నాకు లేదు.

శనివారం విజయవాడలో పరీక్ష. నన్ను కూడా రమ్మన్నారు. నాకు అన్నం లోపలికి పోవడం లేదు. ఏదైనా మాట తప్పితే, అది నా నోటి నుంచి పోయిన మాటేనేమో అని జీవితాంతం అనుకుంటాను. నువ్వు శనివారం నరసింహస్వామి గుడికి పోయి ఎస్తేరు పేరు చెప్పి దీపం పెట్టు. వాళ్ళు ప్రభువును నమ్ముకున్నవాళ్ళు, ఏమీ అనుకోరులే. అమ్మకు నా నమస్కారాలు, బావకు అడిగానని చెప్పు, పాపకు ముద్దులు. పెద్దమ్మవాళ్ళింటికి పోతే నేను క్షేమమని చెప్పు.

ఇందాక పాఠం ముగించి లేస్తుంటే ఎస్తేరు అడిగింది. "అక్కడ చదివేవాళ్ళు కూడా తప్పు చదివితే?"

"స్పెల్లింగు అడుగు."

"అడిగితే విసుక్కుంటే?"

"విసుక్కున్నా అడుగు" అన్నాను.

సరేనన్నట్టు తలూపింది. ఇంకో వాక్యం చదవమన్నట్టు బల్ల మీద వేలితో ఒకసారి కొట్టింది. నేను మళ్ళీ కూర్చుని పుస్తకం తెరిచానక్కా.

నీ దీవెనలు కోరుకునే చెల్లెలు,
నాగవేణి