రేపటి సాధన ఇవాళే

అక్కా,

నువ్వు పోయి రేపటికి ఏడాది. రాజోలులో నీ పేరున కచేరీ పెట్టారు. వాయించే పిల్లల్ని మాత్రం షీటు చూసి ఎంచారు.

నీ వయొలిన్ క్లాసు ఇప్పుడు నీ శిష్యుడు ప్రసాద్ నడుపుతున్నాడు. పిల్లలు ఇంట్లో ఎన్ని నిమిషాలు సాధన చేశారో తల్లిదండ్రులు రోజూ ఫోన్లో ఒక ఉమ్మడి షీటులో నింపాలి. అందరికీ అరవయ్యే. జ్వరంతో పడుకున్న పిల్లకీ అరవై, తిరుపతి వెళ్ళిన పిల్లాడికీ అరవై. అంతర్వేది నుంచి వచ్చే మన మంగకు మాత్రం వరసంతా సున్నాలు. అందుకని ఆ పిల్లను కచేరీలోంచి తీసేశారు.

"ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ మా నాన్న చేపల వేటకి పట్టుకెళ్ళిపోతాడండీ," అంది మంగ.

"షీటులో లేకపోతే సాధన కిందకి రాదండీ. అందరికీ ఒకటే రూలు," అన్నాడు ప్రసాద్. సమానత్వమట!

"ఆయ్, మరి గురువారం సాధన మంగళవారమే చేసేసిన మహానుభావుల మాటేమిటయ్యా?" అని షీటు చూపించాను.

"పేరెంట్స్ బిజీ కదండీ, ముందే నింపేసుకుంటారు," అన్నాడు, సిగ్గులేకుండా.

పాఠానికి ముందు నువ్వు ప్రతి పిల్ల ఎడమచెయ్యీ పట్టుకుని వేలికొసలు తడిమేదానివి. నేనూ మంగ చెయ్యి పట్టుకు చూశాను. నాలుగు వేళ్ళ మీదా తీగల గాట్లే.

ఆ షీటులో ఎవరైనా రాయొచ్చు. మంగ సున్నా చెరిపి "వేళ్ళు చూశాను, వాయించింది" అని రాశాను. పది నిమిషాల్లో సున్నా తిరిగొచ్చింది.

సరే. రేపు మంగను వెంటబెట్టుకుని వెళ్తాను. నీ ఫొటో ముందు వేదికెక్కిన ప్రతివాళ్ళనీ ఎడమచెయ్యి చాపమంటాను. ముందు ప్రసాద్‌ని.