సోమన్న తోటలో రన్‌వే

శుక్రవారం, అరకు, 2003

విమానం నడిపే కంప్యూటర్ ఆటలో నేను కడుతున్న అరకు టౌను చూడమని పక్కింటి సోమన్నను పిలవడమే నా పొరపాటు. స్టేషనూ, సంతా చూసి మురిసిపోయాడు. రన్‌వే చూడగానే లేచి నిలబడ్డాడు.

"మేస్టారూ, ఇది నా కాఫీ తోట కాదేటి? నన్నడక్కుండా ఇమానాలు దించుతారేటి?"

"ఇది ఉత్త బొమ్మ సోమన్నా!"

"మా మావోళ్ల ఊళ్లో డేము కట్టినోళ్లూ ముందు బొమ్మే గీసినారు. బేగి తీసీండి, నేదంటే పంచాయితీకి పెద్దల్ని కూకోబెడతాను."

అతని కళ్లెదుటే తోట మళ్లీ నాటాను. రన్‌వే ఎటు జరిపినా ఎవరో ఒకరి పొలమే! చివరికి మా ఇంటి మీదే పరిచాను. సోమన్న శాంతించి, టీ తాగి వెళ్లాడు.

ఇందాక మా ఆవిడ వచ్చి, "ఊరంతా ఉంది, మనిల్లేదండీ?" అంది. సరిగ్గా అప్పుడే విమానం మా వంటగది ఉండాల్సిన చోట దిగింది.

పెద్దల్ని ఈవిడే కూర్చోబెట్టేలా ఉంది.