వెనక సీటు మనిషి

మార్చి 3, 1998, మంగళవారం

మీటింగు అయింది. మే నెల ట్రిప్ ఈసారి హాలో స్ప్రింగ్ లేక్‌కి. ఐదుగురు అవునన్నారు, ముగ్గురు కాదన్నారు. సెక్రటరీని కాబట్టి ఏర్పాట్లన్నీ నా నెత్తిన పడ్డాయి. పన్నెండేళ్లుగా పడుతూనే ఉన్నాయి. ప్రతి ఏడాదీ ఇదే ఆఖరు అనుకుంటాను. ప్రతి ఏడాదీ నేను చేస్తానని చెయ్యెత్తేవాడు ఇంకొకడు ఉండడు.

బాస్ అనే జాతి చేపలు పట్టే మా క్లబ్బులో ఎనిమిది మందిమి. అందరం మా ఊరి బ్లాక్‌స్లూ కాలువ బురద నీళ్లలో గేలం పట్టడం నేర్చుకున్నవాళ్లమే. అక్కడ మోచేతి దాకా చెయ్యి ముంచితే వేళ్లు కనిపించవు. హాలో స్ప్రింగ్ కొండల్లో ఉంది, ఐదు గంటల ప్రయాణం. ఇరవై అడుగుల లోతున ఉన్న రాయి కూడా కనిపిస్తుందట. మనకి రాయి కనిపిస్తే చేపకి మనం కనిపిస్తాం కదరా అని క్లీట్ గోల. నీ మొహం చూస్తే చేపలు ఒడ్డెక్కి పారిపోతాయిలే అని లామార్. మాలో ఒక్కరూ ఆ లేక్ చూడలేదు.

వింత ఏమిటంటే, ఆ పేరు ఎత్తింది హోయ్ట్. తన వాకిట్లోంచి కనిపించని నీళ్లు అసలు నీళ్లే కావనే మనిషి. ఇదేం బుద్ధిరా అని అడిగాను. ఊరికే, కొత్త నీళ్లు చూద్దామని అన్నాడు.

మార్చి 5

లేక్ దగ్గర బసకిచ్చే కాబిన్ల వాళ్లకి నాలుగుసార్లు ఫోన్ చేశాను. ఎవరూ ఎత్తలేదు.

మార్చి 9, సోమవారం

కాబిన్లు దొరికాయి. రెండు. ఒక్కోదానిలో నలుగురు. క్లీట్ పై మంచం ఎక్కడట, మోకాళ్లట. లామార్ ఉన్న గదిలో ఎవరూ పడుకోరట, గురకట. లామార్ ఏమో, సరే, మీరు ఆ గదిలో పడుకోండి, నా చేతి బిస్కెట్ రొట్టెలూ గ్రేవీ నేను ఈ గదిలో తింటాను అన్నాడు. దాంతో ముగ్గురు మనసు మార్చుకున్నారు. పరాయి దేశానికి రాయబారిగా పంపినా నాకు ఇంత చాకిరీ ఉండదేమో.

ఇదంతా అయి, మే 8, 9, 10 అని ఉత్తరాలు పోస్టు చేశాక తెలిసింది, పదో తారీఖు మదర్స్ డే. ఎనిమిది మంది మగాళ్లం, ఎదురుగా గోడ మీద క్యాలెండర్ పెట్టుకుని, చేతులెత్తి ఖాయం చేసిన తారీఖు. క్లీట్ భార్య ఫోన్ చేసింది. పూలేవో ఆ చేపలకే ఇచ్చేసి అక్కడే కాపరం పెట్టమను మా ఆయన్ని అంది. నాకు ఆ భయం లేదు. విడాకుల్లో మా ఆవిడ నాకు కుక్కనిచ్చి పడవ తీసుకుంది. ఆవిడకి ఈత కూడా రాదు. అప్పటి నుంచి హోయ్ట్ పడవలో వెనక సీటు నాది. ఇరవై రెండేళ్లు.

ట్రిప్ మే 1, 2, 3కి మార్చాను. మళ్లీ ఏడుగురికీ ఉత్తరాలు.

మార్చి 14, శనివారం

హోయ్ట్‌తో బ్లాక్‌స్లూకి వెళ్లాను. ఎప్పటిలాగే ఎర్ర తాడు ఒక కొస ఇంజన్ మీటకి, ఇంకో కొస తన లైఫ్ జాకెట్‌కి తగిలించుకుని బయల్దేరదీశాడు. నడిపేవాడు నీళ్లలో పడితే తాడు ఊడి ఇంజన్ ఆగిపోతుంది. అందుకే అది. ఆ తాడు హోయ్ట్ జాకెట్‌కి తప్ప ఇంకొకరి జాకెట్‌కి ఉండగా నేను చూడలేదు.

పాత పంపుహౌస్ దాటాక కాలువ రెండుగా చీలుతుంది. మేము ఎప్పుడూ కుడికి వెళతాం. ఇవాళ ఎడమకి తిప్పాడు. కాసేపు పోయాక ఇంజన్ ఆపేసి చెట్లకేసి చూస్తూ కూర్చున్నాడు. ఏమైందిరా అన్నాను. ఏం లేదు, నీకు దారి గుర్తుందో లేదో అని పరీక్ష అన్నాడు. నవ్వాడు. నేనూ నవ్వాను.

ఆ కాలువ ఒడ్డున పుట్టిన మనిషి హోయ్ట్.

మార్చి 22, ఆదివారం

హాలో స్ప్రింగ్ మ్యాప్ వచ్చింది. హోయ్ట్ ఇంట్లో వంటగది బల్ల మీద పరిచాం. లేక్ నిండా చీలికలే. చెట్టుకి కొమ్మల్లాగా ప్రతి పాయకీ ఇంకో పాయ. పడవలు దింపే చోట ఎర్ర పెన్సిలుతో గుండ్రంగా చుట్టాను. అక్కడి నుంచి ఎటు, ఎంత లోతు, ఎండ ఎటు నుంచి వస్తుంది, అన్నీ మాట్లాడుకున్నాం. సన్న దారం వాడాలని, దూరం నుంచి విసరాలని, పడవలో చప్పుడు చెయ్యకూడదని చెప్పాడు. ఎప్పుడూ చూడని నీళ్ల గురించి అంత బాగా ఎవరూ చెప్పలేరు.

కాఫీ తాగాక, ఇంతకీ పడవ ఎక్కడ దింపుతాం అని అడిగాడు. చూపించాను. ఆపిల్ పై తింటూ మళ్లీ అడిగాడు. మూడోసారి, ఈ ఎర్ర గుండ్రం ఎవరు గీశార్రా, మ్యాప్ పాడు చేశారు అన్నాడు.

హోయ్ట్ భార్య నెల్డా సింకు దగ్గర గిన్నెలు కడుగుతోంది. వెనక్కి తిరగలేదు. కడిగిన గిన్నెనే మళ్లీ కడిగింది.

మార్చి 24, మంగళవారం

నెల్డా నేను పనిచేసే షాపుకి వచ్చింది. ట్రాక్టరు విడిభాగాలు అమ్మే కౌంటర్ దగ్గర ఆవిడకేం పని? బోల్టుల వరస దగ్గరికి తీసుకెళ్లి, ఎవరూ లేరని చూసుకుని చెప్పింది.

ఫిబ్రవరిలో హోయ్ట్ రొట్టె తెస్తానని ట్రక్కు వేసుకెళ్లి నాలుగు గంటలు రాలేదట. పక్క జిల్లాలో ఒక చర్చి ముందు ఇంజన్ నడుస్తూనే ఉండగా కూర్చుని కనిపించాడట. మెంఫిస్‌లో డాక్టరుకి చూపించింది. మతిమరుపు జబ్బు, ఇక తగ్గేది కాదన్నాడట. ట్రక్కు నడపకూడదు, పడవ నడపకూడదు. ఎవరికీ చెప్పొద్దని హోయ్ట్ ఒట్టు వేయించుకున్నాడు. నువ్వు ఎవరివో కాదు కాబట్టి చెబుతున్నా అంది.

పడవ తాళం నువ్వే అడగాలి వెర్లిన్, పెళ్లయి నలభై ఒక్క ఏళ్లయింది, ట్రక్కు తాళమే నా చేతికివ్వలేదు, నా మాట వింటాడా అంది. ఇవ్వనంటే ట్రిప్ మానిపించు, ఇస్తే నువ్వు నడుపు, ఆయన్ని మాత్రం ఆ కొండల్లో పోగొట్టకు అంది. కళ్లు తుడుచుకుని, వచ్చినందుకు గుర్తుగా ఒక డజను బోల్టులు కొనుక్కుని వెళ్లింది.

మార్చి 25

చెప్పలేదు.

మార్చి 29, ఆదివారం

చెబుదామనే వెళ్లాను. హోయ్ట్ నాకు మిరప మొక్కలిచ్చాడు. ఎన్ని అడుగుల ఎడంలో నాటాలో కూడా చెప్పాడు. మొక్కలు తెచ్చుకుని నాటాను.

ఏప్రిల్ 7, మంగళవారం

ఇవాళ నేను చేసిన పని రాయడానికే సిగ్గుగా ఉంది.

ఎవరి పడవలో ఎవరు వెనక కూర్చోవాలో చీట్లు వేస్తాం. ఎర చేపల బకెట్‌లో పేర్లు. హోయ్ట్ పేరూ నా పేరూ ఎప్పుడూ అందులో వేయరు, మేము జతే. ఈసారి క్లీట్ ఒప్పుకోలేదు. కొత్త లేక్, అందరూ సమానం, ఆ మొగుడూపెళ్లాల్ని కూడా విడదీయండి అన్నాడు. అందరూ నవ్వి సరేనన్నారు. హోయ్ట్ కూడా నవ్వాడు.

హోయ్ట్ పడవకి లామార్ పేరు వచ్చింది.

లామార్‌కి ఈత రాదు. మూడు వందల పౌండ్ల మనిషి. మే నెలలో కూడా ఆ కొండ నీళ్లు మంచులా ఉంటాయి. ఏదో ఒకటి చెయ్యాలి, కారణం చెప్పలేను. లేచి, లామార్ వెనక కూర్చుంటే హోయ్ట్ పడవ ముక్కు ఆకాశంలోకి లేస్తుంది, ముందు తిండి తగ్గించుకోమనండి అన్నాను. గది గదంతా పగలబడి నవ్వింది. క్లీట్ బల్ల మీద కొట్టి మరీ నవ్వాడు. లామార్‌ని క్లీట్ పడవకి మార్చారు, నేను నా చోటికి వచ్చాను.

లామార్ నవ్వలేదు. అందరికీ బిస్కెట్లు చేసిపెట్టే మనిషి. టోపీ తీసుకుని, నువ్వు కూడానా వెర్లిన్ అని మెల్లగా అని వెళ్లిపోయాడు.

ఏప్రిల్ 12, ఈస్టర్ ఆదివారం

చర్చిలో లామార్ ఇంకో బల్ల మీద కూర్చున్నాడు.

ఏప్రిల్ 18, శనివారం

చెప్పేశాను.

హోయ్ట్ షెడ్డులో రీళ్లకి సన్న దారం ఎక్కిస్తున్నాం. ఆ దారం వెలుతురులో పెడితే తప్ప నా కంటికి ఆనడం లేదు. హోయ్ట్ చూడకుండానే ముడులు వేస్తున్నాడు. ఒక్కటి కూడా తప్పు పోలేదు. ఆ చేతుల్ని చూస్తుంటే డాక్టరే పొరబడ్డాడేమో అనిపించింది. ఇంకొక్క నిమిషం ఆగితే మళ్లీ చెప్పలేనని తెలుసు. పడవ నేను నడుపుతానురా, నాకు నెల్డా అంతా చెప్పింది అన్నాను.

ముడి పూర్తి చేశాడు. మిగిలిన దారం పంటితో కొరికాడు. ఆ లేక్ పేరు ఎందుకు ఎత్తాననుకున్నావు అన్నాడు. ఇక్కడ నేను ఒక్క మలుపు తప్పితే హోయ్ట్‌కి ఏదో అయిందంటారు, అక్కడైతే అందరూ తప్పుతారు, క్లీట్ తప్పుతాడు, నువ్వు తప్పుతావు, మ్యాప్ ముందేసుకుని అందరూ ఎటురా ఎటురా అని అడుగుతుంటే నేనూ అడుగుతాను, మూడు రోజులు, మూడే రోజులు నేను కూడా మీలాంటివాణ్ణే అవుదామనుకున్నాను అన్నాడు.

నాకు ఏడుపొచ్చింది. అది చూసి అతనికి కోపం వచ్చింది. ఇరవై రెండేళ్లు నా వెనక ఊరికే కూర్చుని చేపలు పట్టావు, ఇప్పుడు నా సీటు కావాల్సొచ్చిందా, లే, నా షెడ్డులోంచి బయటికి నడు అన్నాడు. ఇంకా చాలా అన్నాడు. అవి రాయను. నాకూ కోపం వచ్చింది, అదీ రాయను.

సగం దారం ఎక్కించిన రీలు చేతిలోనే ఉండిపోయింది. దాంతోనే ఇంటికి వచ్చాను.

ఏప్రిల్ 21

ఫోన్ చేశాను. నెల్డా ఎత్తింది. రోజంతా షెడ్డులో పడవ ఎక్కి కూర్చుంటున్నాడట. భోజనం అక్కడికే తీసుకెళుతోందట. నా పేరు ఎత్తితే లేచి బయటికి పోతున్నాడట.

ఏప్రిల్ 28, మంగళవారం

ఆఖరి మీటింగు. హోయ్ట్ రాలేదు. జలుబు అని చెప్పాను. వేపుడు నూనె ఎవరు తెస్తారని ముప్పావుగంట కొట్టుకున్నారు. చివరికి ఐదుగురు తెస్తామన్నారు, పిండి ఎవరూ తేవడం లేదు. అలిసిపోయాను. జాబితాలో హోయ్ట్ పడవ ఎదురుగా నడిపేవాడి పేరు రాయకుండా వదిలేశాను.

అంతా అయ్యాక లామార్ వచ్చి, నేను నీకేం అన్యాయం చేశానో చెప్పరా అన్నాడు. నువ్వేం చెయ్యలేదు, ఇంకోటి ఉంది, అది నా నోటితో చెప్పకూడదు అన్నాను. నా మొహం చూసి, టోపీ పెట్టుకుని వెళ్లాడు.

ఏప్రిల్ 30, గురువారం, సాయంత్రం

హోయ్ట్ ఫోన్ చేశాడు. రేపు ఎన్నింటికి అన్నాడు. ఆరింటికి అన్నాను. కోపం ఏమైందో నేను అడగలేదు. వానల గురించి కాసేపు చెప్పి, ఇంతకీ రేపు ఎన్నింటికి అన్నాడు. ఆరింటికి అన్నాను. ఇది రెండోసారి అడగడం కదా అన్నాడు. అవునన్నాను. నువ్వు అబద్ధం చెప్పలేదు, మంచిది అని ఫోన్ పెట్టేశాడు.

మే 1, శుక్రవారం

పొద్దున్న ఆరింటికి హోయ్ట్ ట్రక్కు వెనక పడవ తగిలించుకుని వచ్చింది. నడుపుతున్నది నెల్డా. పక్క సీట్లో హోయ్ట్, ఒళ్లో మ్యాప్.

క్లీట్ ఊరుకుంటాడా, ఏం హోయ్ట్, ఆవిడ లేకపోతే నిద్ర పట్టదా అన్నాడు. హోయ్ట్ దిగి, మా ఆవిడకి డ్రైవింగు నేర్పిస్తున్నా, నీకేమైనా ఇబ్బందా అన్నాడు. నాతో మాత్రం, ట్రక్కు ఇచ్చాను, పడవ ఇవ్వలేదు అని మెల్లగా అన్నాడు.

ఐదు గంటల్లో నెల్డా ఒక్క మలుపు తప్పలేదు. క్లీట్ రెండు తప్పాడు. నెల్డా లేక్ దగ్గర మోటెల్‌లో గది తీసుకుంది. పడవల్ని నీళ్లలోకి దింపేటప్పుడు ట్రక్కుని వెనక్కి తిన్నగా పోనిచ్చింది ఒక్క నెల్డానే. ఎక్కడ నేర్చుకున్నావని అడిగితే, నలభై ఒక్క ఏళ్లు పక్క సీట్లోంచి చూశాను కదా అంది.

మే 2, శనివారం

ఐదూ నలభైకి పడవ దగ్గరికి వెళ్లాం. నీళ్లు అసలు లేనట్టే ఉన్నాయి. పడవ నీడ అడుగున రాళ్ల మీద పడి కనిపిస్తోంది. హోయ్ట్ డ్రైవరు సీట్లో కూర్చుని ఎర్ర తాడు జాకెట్‌కి తగిలించుకున్నాడు. నేను వెనక కూర్చున్నాను. అనగలిగినదంతా షెడ్డులో అనేశాను.

ఇంజన్ వేయలేదు. ఎదురుగా మూడు పాయలు. ఒకదాని తర్వాత ఒకటి చూశాడు. తాడు విప్పి లేచి, వెనక్కి వచ్చి, నా జాకెట్‌కి తగిలించాడు. దారి నాకూ తెలీదు, నీకూ తెలీదు, ఇక్కడ సిగ్గేముంది, నడుపు అన్నాడు.

పక్క పడవలోంచి లామార్ ఇదంతా చూశాడు. చెయ్యి చాచి, కాగితంలో చుట్టిన బిస్కెట్ ఒకటి నాకు అందించాడు.

రెండు మలుపులు తప్పాను. హోయ్ట్ నాలుగు చేపలు పట్టాడు. నేను ఒక్కటీ పట్టలేదు.

కాబిన్‌లోకి వచ్చాక చూసుకుంటే తాడు ఇంకా నా జాకెట్‌కే వేలాడుతోంది. హోయ్ట్ దాన్ని వెనక్కి అడగలేదు.