సోమ్లికి దక్కాల్సిన ఇల్లు

బాన్సువాడ నివాసిని, కీర్తిశేషులు బసవయ్య గారి భార్యను, ప్రాథమిక పాఠశాలలో పాఠాలు చెప్పి రిటైరైన ప్రేమల అనే నేను, పూర్తి తెలివితో, నా ఇష్టప్రకారం ఈ వీలునామా రాస్తున్నాను. బెదిరింపులు లేవని మాత్రం రాయను. ఉన్నాయి. బెదిరిస్తున్నది నా ఒక్కగానొక్క కొడుకు దేవిదాస్. రేపు పొద్దున నిజామాబాద్ దవాఖానలో నా కడుపులో గడ్డకు ఆపరేషన్. బల్ల మీంచి లేస్తానో లేదో తెలియదు, అందుకే ఈ రోజే రాయాలి.

1. నా జీతంతో కట్టుకున్న ఈ ఇల్లు నా స్వార్జితం. దీన్ని నేను పెంచిన కూతురు సోమ్లికి సర్వహక్కులతో ఇస్తున్నాను. "కూతురు" అన్న మాట చదివి దేవిదాస్ పళ్లు కొరుకుతాడు. కొరకనీ!

ముందుముందు కోర్టులో ఆమెను పనిమనిషి అంటారేమో, అందుకే ఇది కూడా రాస్తున్నాను. చెరుకు కోతలు మొదలైతే తండాల వాళ్లు పిల్లల్ని వెంటేసుకుని తోటల దగ్గర గుడిసెలకు పోయేవారు. హోలీకి తిరిగొచ్చేసరికి పిల్లలు అక్షరాలు మరిచేవారు. అందుకని ఏటా నేనే తండాకు పోయి, "మీరు పోండ్రి, పిల్లల్ని నాకాడ ఇడిసిపెట్టుండ్రి" అని అడిగి తెచ్చుకునేదాన్ని. 1991లో అలా వచ్చిన సోమ్లిని తీసుకుపోవడానికి ఎవరూ రాలేదు. తల్లి చెరుకు తోటలో పాము కరిచి పోయింది, తండ్రి జాడ లేదు. నా పక్కలో పడుకుని పెరిగిన పిల్ల ఇప్పుడు టీచర్ ట్రైనింగ్ చదువుతోంది. ఈ ఏడు కూడా నా వరండాలో తండా పిల్లలున్నారు. వడ్ల వ్యాపారం చేసే దేవిదాస్‌కు వేరే ఇల్లుంది. ఇది కూడా వాడి చేతికి పోతే గోదాము చేస్తాడు, వీళ్లందరూ రోడ్డున పడతారు.

2. దేవిదాస్‌కు వర్ని దారిలో కాలువ కింద ఉన్న నా పొలం మొత్తం. "నీకు ఊరోళ్ల పిల్లలే ఎక్కువ" అని వాడన్న మాట నాకు ఇంకా మండుతూనే ఉంది. వాడికి జ్వరమొస్తే రాత్రంతా కూర్చున్నది ఎవరట? అయినా కన్నకొడుకు, ప్రేమ చావదు.

3. కోడలు వైశాలికి నా బంగారు కమ్మలు. ఈ గొడవలో ఆమె ఇటూ మాట్లాడదు, అటూ మాట్లాడదు. మనసులో ఏముందో నాకు తెలియదు. కమ్మలు ఆమె ముఖానికి బాగుంటాయి.

4. మొన్న నలుగురి ముందు దేవిదాస్, "ఇల్లు నా పేర రాయకుంటే కొరివి పెట్ట. గా తండ పిల్లతోనే పెట్టిచ్చుకో" అన్నాడు. సరే, సోమ్లే పెడుతుంది. ఆడపిల్ల అనో లంబాడి అనో ఎవరైనా అడ్డమొస్తే ఈ కాగితం చూపండి. వాడు మనసు మార్చుకుని వస్తే రానివ్వండి. సోమ్లి మాత్రం పక్కకు జరగకూడదు.

5. ఇద్దరు సాక్షులు లేకపోతే వీలునామా చెల్లదు, ఇల్లు కొడుక్కే పోతుంది. నాతో పనిచేసిన జమునాబాయి అడగగానే వచ్చి కూర్చుంది. నా దగ్గర అక్షరాలు దిద్దిన పక్కింటి శివరాం, "టీచరమ్మా, దేవిదాసన్నతోని నాకు లొల్లి వద్దు" అని దండం పెట్టి పోయాడు. మరో ఇద్దరు ఇంట్లో ఉండి కూడా లేరని చెప్పించారు. దేవిదాస్ రేపటికి కిరాయి కారు మాట్లాడడానికి పోయాడు. వాడు తిరిగొచ్చేలోగా ఇంకొక్క మనిషి దొరకాలి. దొరుకుతారన్న ఆశతోనే తేదీ వేస్తున్నాను, సంతకం వాళ్లిద్దరి ఎదుటే చేస్తాను.

బాన్సువాడ, 7 నవంబర్ 2004, ఆదివారం

(సంతకం) ప్రేమల

మా ఎదుట సంతకం చేయగా చూసిన సాక్షులు:

1. జమునాబాయి, రిటైర్డ్ టీచర్

2. వైశాలి, దేవిదాస్ భార్య